కెర్నెల్ ఇంటిలో మాడ్యూలుకు చోటు
(పాఠశాల అమృత మహోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠము)



మన పాఠశాలకు డెబ్బయి ఐదు సంవత్సరములు నిండిన ఈ శుభవేళ నన్ను కూడా గుర్తుంచుకొని పిలిచినందుకు కృతజ్ఞుడను. పిలిచేటప్పుడు ప్రధానోపాధ్యాయులవారు ఒక షరతు పెట్టినారు. “మీరు ఎంత దూరం వెళ్ళినారో చెప్పవద్దు. రోజూ కూర్చుని చేసే పని ఏమిటో చెప్పండి. పదవ తరగతి పిల్లలకు అర్థం కావాలి, తెలుగులో ఉండాలి” అన్నారు. ఇరవై సంవత్సరములకు పైగా నేను చేస్తున్న పని కంప్యూటరు కెర్నెల్‌లో మాడ్యూళ్ళు వ్రాయడము. ఈ మాట ఇంటిలో మా అమ్మకు కూడా ఇంతవరకు సరిగా చెప్పలేకపోయినాను. అందువలన ఈ షరతు నాకు పరీక్షయే అయినది.

చెప్పవలసిన విషయానికి వెళ్ళేముందు ఒక పాత పుస్తకాన్ని మీకు గుర్తుచేస్తాను. మా కాలంలో విజ్ఞానశాస్త్ర ప్రయోగశాల బీరువా తలుపుకు వ్రేలాడుతూ ఒక రిజిస్టరు ఉండేది. ఎడమవైపు ‘తీసుకున్నవి’, కుడివైపు ‘తిరిగి ఇచ్చినవి’ అని రెండు గడులు. పరీక్షనాళిక తీసుకున్నా, అయస్కాంతం తీసుకున్నా ఎడమవైపు వ్రాయాలి. గంట కొట్టకముందే కుడివైపు నింపాలి. కుడి గడి ఖాళీగా ఉంటే మాస్టారు తరగతిని వదిలేవారు కారు. “బీరువా నీది కాదు, నాదీ కాదు. నీ వెనుక వచ్చేవాడికి చోటు ఉండాలి” అనేవారు. అప్పుడు మాకు అది చాదస్తంగా తోచినది. నా వృత్తిలో నాకు తగిలిన పెద్ద దెబ్బ ఆ కుడి గడి నింపకపోవడం వలననే తగిలినది. ఆ సంగతి తరువాత చెబుతాను.

ముందుగా కెర్నెల్ అంటే ఏమిటో చూద్దాము. కెర్నెల్ అనే ఆంగ్లపదానికి గింజలోపలి పప్పు అని అర్థము. మామిడి టెంకలో జీడి ఎట్లా ఉంటుందో, కంప్యూటరును నడిపించే ఆపరేటింగ్ సిస్టంలో కెర్నెల్ అట్లా ఉంటుంది. తెర మీద మీకు కనబడే లేఖలు, బొమ్మలు, ఆటలు, లెక్కలు అన్నీ పై పొరలోని ప్రోగ్రాములు. అవి నేరుగా డిస్కును తాకలేవు, నెట్‌వర్కును తాకలేవు, ఒకదాని మెమరీలోనికి మరొకటి తొంగిచూడలేదు. ఏది కావాలన్నా కెర్నెల్‌ను అడగాలి. వాటి మధ్య గోడలు ఉన్నవి. ప్రాసెసరు యంత్రమే ఆ గోడలను కాపలా కాస్తుంది.

ఆ గోడల వలన ఒక గొప్ప సౌకర్యము ఉన్నది. ఒక ప్రోగ్రాము మెమరీని అడిగి తీసుకొని, తిరిగి ఇవ్వకుండానే ముగిసిపోయినది అనుకోండి. ప్రమాదము లేదు. ఎవరు ఎంత తీసుకున్నారో కెర్నెల్ వద్ద లెక్క ఉంటుంది. ప్రోగ్రాము ముగిసిన మరుక్షణమే దాని వాటా మొత్తాన్ని వెనుకకు లాగుకుంటుంది. అంటే పై పొరలో ఉన్నవారికి రిజిస్టరు నింపే మాస్టారు ఒకరు ఎప్పుడూ ఉన్నారు. కెర్నెల్ లోపల మాత్రము అటువంటి మాస్టారు లేరు.

ఇప్పుడు మాడ్యూలు. మన షోలాపూరు పిల్లలకు ఈ మాట చెప్పడానికి నేను ఎక్కడికో పోనవసరము లేదు. చద్దరు నేసే జకార్డు మగ్గాన్ని మీరందరూ చూసినవారే. మగ్గము ఒకటే, పడుగు ఒకటే. కాని పైన వ్రేలాడే చిల్లుల అట్టల గొలుసును మార్చితే నెమలి పోయి పూలతీగ వస్తుంది. కొత్త నమూనా కావాలని ఎవరూ మగ్గాన్ని విప్పి మళ్ళీ కట్టరు. మా నాన్నగారు మగ్గము మీద పనిచేసిన మనిషి. ఆయనకు నా పనిని ఈ ఒక్క పోలికతోనే చెప్పగలిగినాను. ఆయన వెంటనే, “అయితే అట్టలు కట్టేవాడివన్నమాట” అన్నారు. అంతకంటే మంచి నిర్వచనము నాకు ఇంతవరకు దొరకలేదు.

ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్సు కెర్నెల్‌ను లోకానికి చూపించినప్పుడు అది చాలా చిన్నది. తరువాత లోకములోని యంత్రాలన్నీ దానిని ఆశ్రయించినవి. వేలాది రకాల డిస్కులు, కెమెరాలు, ముద్రణ యంత్రాలు, నెట్‌వర్కు కార్డులు! ప్రతి పరికరానికి కావలసిన సూచనలను కెర్నెల్‌లోనే కూరి ఉంచితే, ఒక యంత్రములో ఎన్నడూ ఉపయోగపడని భాగము ఉపయోగపడే భాగము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ అవుతుంది. అందువలన అట్టల గొలుసు పద్ధతి వచ్చినది. పరికరాన్ని తగిలించినప్పుడు దానికి సంబంధించిన సూచనల కట్టను, అంటే మాడ్యూలును, నడుస్తున్న కెర్నెల్‌లోనికి ఎక్కిస్తారు. అవసరము తీరినప్పుడు దింపివేయవచ్చును. జకార్డుకు అట్టలు మార్చేటప్పుడు మగ్గము ఆగాలి. ఇక్కడ మగ్గము ఆడుతూ ఉండగానే అట్టలు మారుతాయి. కష్టమంతా అందులోనే ఉన్నది.

ఎక్కించాలంటే చోటు కావాలి. ఆ చోటు ఎక్కడ, ఎంత, ఏ హక్కులతో ఇవ్వాలన్నదే నేటి నా విషయము.

కంప్యూటరు మెమరీని పేజీలుగా విభజిస్తారు. సాధారణముగా ఒక పేజీ 4096 బైట్లు. యంత్రము కొంతసేపు నడిచిన తరువాత ఖాళీ పేజీలు ఒకచోట ఉండవు. చెదురుమదురుగా ఉంటాయి. ఈ ఉత్సవానికి ఊరినుండి ఇరవైమంది అతిథులు వచ్చినారు అనుకుందాము. ఇరవై గదులు వరుసగా ఖాళీగా ఉన్న ఇల్లు ఈ పేటలో దొరకదు. ఒకరిని ఈ వీధిలో, ఇద్దరిని ఆ సందులో సర్దుతాము. కాని మన చేతిలోని పట్టికలో ఒకటి నుండి ఇరవై వరకు వరుస సంఖ్యలు వేసుకుంటాము. భోజనానికి పిలిచేవాడికి ఆ వరుస చాలు. కెర్నెల్ కూడా ఇదే చేస్తుంది. నిజమైన పేజీలు ఎక్కడ ఉన్నా, వాటికి వరుసగా ఉన్నట్లు కల్పిత చిరునామాలు ఇచ్చే పట్టిక ఒకటి ఉంటుంది. ఆ పట్టికను ప్రాసెసరు ప్రతి అడుగులోను చూసుకుంటుంది.

అందుకే కెర్నెల్‌లో మెమరీ అడగడానికి ముఖ్యముగా రెండు దారులు ఉన్నవి. కెమాలక్ అనేది నిజముగానే పక్కపక్కన ఉన్న చోటును ఇస్తుంది. అది త్వరగా దొరుకుతుంది కాని పెద్ద ముక్క అడిగితే దొరకకపోవచ్చును. వీమాలక్ అనేది చెదురుగా ఉన్న పేజీలను ఏరి, వరుస చిరునామాల దారముతో గుచ్చి ఇస్తుంది. పెద్ద చోటుకు ఇదే దారి. మాడ్యూలు శరీరానికి, అంటే దాని సూచనలకు, అంకెలకు కెర్నెల్ ఇచ్చే చోటు ఈ రెండవ పద్ధతిలోనిది. అయితే అందులో ఒక ప్రత్యేకమైన నియమము ఉన్నది. ఆ చిరునామాలు కెర్నెల్‌కు దగ్గరగా ఉండాలి.

ఎందువలన? మాడ్యూలు ఒంటరిగా బ్రతకలేదు. అడుగడుగునా కెర్నెల్‌లోని పనివాళ్ళను పిలవాలి. ప్రాసెసరు సూచనలో ‘ఇక్కడినుండి ఇంత దూరానికి దూకు’ అని వ్రాయడానికి కొన్ని అంకెల చోటు మాత్రమే ఉంటుంది. పాత 32 బిట్ల ఆర్మ్ ప్రాసెసరులో ఆ దూకుడు ముందుకు గాని, వెనుకకు గాని 32 మెగాబైట్లకు మించి పోదు. 64 బిట్ల ఆర్మ్‌లో 128 మెగాబైట్లు. మన ఇండ్లలోని కంప్యూటర్లలో ఎక్కువగా ఉండే ఎక్స్86-64లో 2 గిగాబైట్లు. అందువలన ఆ కెర్నెల్‌ను చిరునామాల చిట్టచివరి 2 గిగాబైట్లలోనే నిలిపినారు. అందులో 512 మెగాబైట్లు కెర్నెల్‌కు, 1520 మెగాబైట్లు మాడ్యూళ్ళకు. దొంగలకు ఆచూకీ దొరకకుండా కెర్నెల్ చిరునామాను ప్రతిసారి మార్చే రక్షణ అమలులో ఉన్నప్పుడు కెర్నెల్ వాటా ఒక గిగాబైటుకు పెరిగి, మాడ్యూళ్ళ వాటా 1008 మెగాబైట్లకు తగ్గుతుంది. యంత్రములో ఎన్ని వందల గిగాబైట్ల మెమరీ ఉన్నా ఈ వాటా పెరగదు. ఊరంతా ఖాళీ స్థలము ఉన్నా, పిలిస్తే పలికే దూరములో ఉన్న స్థలము కొద్దిగానే ఉంటుంది కదా!

32 బిట్ల ఆర్మ్‌లో ఈ ఇరుకు మరీ ఎక్కువ. అక్కడ మాడ్యూళ్ళకు కేటాయించిన పేట సాధారణముగా 16 మెగాబైట్లు. అది నిండితే దూరాన చోటు ఇచ్చి, మధ్యలో ఒక మజిలీ కట్టే ఏర్పాటు తరువాత వచ్చినది. పిలుపు ముందు మజిలీకి చేరుతుంది, అక్కడినుండి అసలు చిరునామాకు వెళుతుంది. పని జరుగుతుంది కాని ప్రతి పిలుపుకు ఒక అడుగు ఎక్కువ పడుతుంది.

చోటు దొరికినది. ఇక హక్కులు. ఒక మాడ్యూలులో పలు రకాల భాగాలు ఉంటాయి. నడిపించవలసిన సూచనలు ఒక రకము. చదవడమే తప్ప మార్చకూడని పట్టికలు ఒక రకము. మారుతూ ఉండే అంకెలు మరొక రకము. ప్రారంభములో ఒక్కసారి మాత్రమే పనికివచ్చే సూచనలు ఇంకొక రకము. పెండ్లి పందిరి వలె ఇవి పని కాగానే విప్పివేయవలసినవి. మాడ్యూలు ఎక్కి స్థిరపడగానే ఆ భాగపు చోటును కెర్నెల్ తిరిగి తీసుకుంటుంది. 2023లో వచ్చిన 6.4 లినక్సు నుండి ఈ భాగాలను ఏడు రకాలుగా విడదీసి, దేని చోటు దానికి వేరుగా ఇస్తున్నారు.

ఇట్లా విడదీయడానికి కారణము కేవలము శుభ్రత కాదు, భద్రత. వ్రాయడానికి వీలున్న చోట నడిపించే హక్కు ఉండకూడదు. నడిపించే చోట వ్రాసే హక్కు ఉండకూడదు. రెండూ ఒకేచోట ఉన్నవంటే, దురుద్దేశముతో వచ్చినవాడు అక్కడ తన సూచనలను వ్రాసి, వెంటనే వాటిని కెర్నెల్ అధికారముతో నడిపించగలడు. ప్రశ్నపత్రము వ్రాసేవారు, మార్కులు వేసేవారు, పరీక్ష వ్రాసేవారు ఒకరే అయినట్లు ఉంటుంది. హక్కులను పేజీల లెక్కన మాత్రమే ఇవ్వగలము కనుక ఈ భద్రతకు కొంత మూల్యము ఉన్నది. పదివేల బైట్ల సూచనలకు మూడు పేజీలు, అంటే 12,288 బైట్లు ఇవ్వాలి. మిగిలిన 2,288 బైట్లు వృథా. ప్రతి భాగములోను ఇటువంటి తరుగు ఉంటుంది. బట్టకు అంచు మడిచినట్లు దీనిని భరించవలసినదే.

మరి ఈ చోటును ఎవరు సర్దుతారు? పూర్వము లినక్సులో కెర్నెల్ చోటు మాత్రమే ఇచ్చేది. మాడ్యూలులోని పేర్లను కెర్నెల్ చిరునామాలతో ముడివేసే పని బయటనున్న ఒక ప్రోగ్రాము చేసేది. రస్టీ రస్సెల్ అనే ఆస్ట్రేలియా నిపుణుడు ఈ యంత్రాంగాన్ని తిరగవ్రాసినారు. 2003 డిసెంబరులో వెలువడిన 2.6 కెర్నెల్ నుండి ఈ ముడి వేయడము కూడా కెర్నెల్ లోపలికే వచ్చినది. 2024 జూలైలో వచ్చిన 6.10లో, నడిపించదగిన మెమరీని కేటాయించే పనిని మాడ్యూళ్ళ యంత్రాంగము నుండి విడదీసి, ఎగ్జిక్‌మెమ్ అనే ప్రత్యేక శాఖగా నిలిపినారు. కెర్నెల్‌ను పరిశీలించే ఇతర సాధనాలకు కూడా ఇటువంటి చోటే కావాలి. వాటి కోసము మాడ్యూళ్ళ యంత్రాంగాన్నంతా మోయనవసరము లేకుండా పోయినది. మూడు దశాబ్దాలకు పైబడిన కట్టడములో కూడా గదులు ఇంకా సరిచేసుకుంటూనే ఉన్నారని చెప్పడానికి ఈ ఉదాహరణ.

ఇంకొక చిత్రమైన సంగతి. వందలాది ప్రాసెసర్లు ఉన్న పెద్ద యంత్రాలు ప్రారంభమయ్యే వేళ, ప్రతి ప్రాసెసరు పేరున ‘ఈ మాడ్యూలు కావాలి’ అని అర్జీ వస్తుంది. అందరికీ కావలసినది ఒకే మాడ్యూలు. కాని కెర్నెల్ ప్రతి అర్జీకి ముందు మెమరీ కేటాయించి, మాడ్యూలును అందులోనికి చదివి, ఆ తరువాత ‘ఇది ఇదివరకే ఉన్నది కదా’ అని గుర్తించి పారవేసేది. ఒకే పుస్తకము కోసము వందమంది పిల్లలు వస్తే, వందమందికీ నకలు వ్రాయించి, తొంభైతొమ్మిది చింపివేసినట్లు. ఆ క్షణాన చోటు చాలక కొన్ని యంత్రాలు ప్రారంభములోనే తడబడినవి. 2023లో ఈ లోపాన్ని సవరించినారు. ముందు పేరు చూడడము, ఒకరు చదువుతూ ఉంటే మిగిలినవారు వేచి ఉండడము అనే చిన్న మర్యాదతో సమస్య తీరినది. మెమరీ కొరత అని తోచినదానికి మందు ఎక్కువ మెమరీ కాదు, క్రమము.

ఇక నేను చెబుతానన్న దెబ్బ సంగతి.

ఉద్యోగములో చేరిన తొలి సంవత్సరాలలో నేను ఒక చిన్న పరికరానికి మాడ్యూలు వ్రాసినాను. పండ్లు నిలువచేసే శీతల గిడ్డంగిలో ఉష్ణోగ్రతను కొలిచి, హద్దు దాటితే గంట మోగించే పరికరము అది. మాడ్యూలు ఎక్కగానే కెమాలక్ ద్వారా 128 కిలోబైట్ల చోటు తీసుకునేది. దిగేటప్పుడు ఆ చోటును తిరిగి ఇవ్వాలి. ఆ ఒక్క వాక్యము నేను వ్రాయలేదు. బల్ల మీద పరీక్షించినప్పుడు ఏ లోపమూ కనబడలేదు. మాడ్యూలు ఒకసారి ఎక్కి ఎప్పటికీ దిగకపోతే ఆ లోపము ఎన్నటికీ బయటపడదు కూడా. కాని ఉష్ణోగ్రత కొలిచే ముక్క అప్పుడప్పుడు మొండికేసేది. దానికి మందుగా ప్రతి అరగంటకు మాడ్యూలును దింపి మళ్ళీ ఎక్కించే ఏర్పాటు చేసినాము.

లెక్క మీరే వేయండి. రోజుకు 48 సార్లు. ఒక్కొక్కసారి 128 కిలోబైట్లు. రోజుకు 6 మెగాబైట్లు. పరికరములో ఖాళీగా ఉన్నది సుమారు 50 మెగాబైట్లు. ఎనిమిది రోజులు. మాడ్యూలును దింపినప్పుడు దాని సూచనల చోటును, దాని అంకెల చోటును కెర్నెల్ తానే తీసుకుంటుంది. కాని మాడ్యూలు నడుస్తూ తనంత తాను అడిగి తెచ్చుకున్న చోటు ఎవరిదో కెర్నెల్‌కు తెలియదు. ఎడమ గడిలో పేరు లేదు, కుడి గడి అడిగేవారు లేరు.

ఎనిమిదవ రోజు రాత్రి మెమరీ నిండుకున్నది. అటువంటప్పుడు కెర్నెల్ చివరి ఉపాయముగా ఎక్కువ మెమరీ వాడుతున్న ప్రోగ్రాము ఒకదానిని చంపి చోటు చేసుకుంటుంది. నేను పోగొట్టిన మెమరీ ఏ ప్రోగ్రాము పేరునా లేదు. కనుక తప్పు చేసినది తప్పించుకున్నది, గంట మోగించవలసిన ప్రోగ్రాము బలి అయినది. ఆ రాత్రే గిడ్డంగిలో చల్లదనము తగ్గినది. గంట మోగలేదు. తెల్లవారి నేను అక్కడికి వెళ్ళేసరికి ఒక రైతు దానిమ్మ పెట్టెలు ఒక్కొక్కటి తెరిచి చూసుకుంటున్నాడు. మన జిల్లా రైతే. నన్ను ఎవరో పెద్ద ఇంజనీరు అనుకొని లేచి నిలబడి, “సాహెబ్, యంత్రము బాగయిందా?” అని అడిగినాడు. నష్టానికి పరిహారము తరువాత అందినది. కాని ఆయన లేచి నిలబడిన క్షణము నాకు ఈనాటికీ తలవంపుగానే ఉన్నది.

నేను వ్రాయవలసి ఉండినది ఒక్క వాక్యము. ఆ వాక్యము వ్రాసినాను. దానితోపాటు ఒక అలవాటు చేసుకున్నాను. మెమరీ అడిగే వాక్యము వ్రాసిన వెంటనే, మిగిలిన పని మొదలుపెట్టకముందే, తిరిగి ఇచ్చే వాక్యము వ్రాస్తాను. ఎడమ గడి నింపినప్పుడే కుడి గడి గీసి ఉంచుకోవడము. ఇప్పుడు సాధనాలు కూడా ఉన్నవి. పరికరము పేరున మెమరీ అడిగితే, పరికరము తొలగినప్పుడు దానంతట అదే తిరిగి జమ అయ్యే పద్ధతి ఉన్నది. ఎవరూ గుర్తుంచుకోని చోట్లను వెదకి చూపే కెమెమ్‌లీక్ అనే పరిశోధకుడు 2009 నుండి కెర్నెల్‌లోనే ఉన్నాడు. సాధనాలు సహాయపడతాయి. అలవాటుకు బదులు కాలేవు.

దీనికి వ్యతిరేకమైన తప్పు మరింత భయంకరము. తిరిగి ఇచ్చిన చోటును ఇంకా తనదే అనుకోవడము. ఒక మాడ్యూలు ‘పది క్షణాల తరువాత నన్ను లేపు’ అని కెర్నెల్‌కు చెప్పి, ఆ మాట రద్దుచేయకుండానే దిగిపోయినది అనుకోండి. పది క్షణాల తరువాత కెర్నెల్ నమ్మకముగా ఆ చిరునామాకు వెళుతుంది. అక్కడ ఇల్లు లేదు. యంత్రము మొత్తము కూలవచ్చును. అందుకే ఎవరైనా వాడుకుంటున్నంతసేపు మాడ్యూలును దింపనీయకుండా ఒక లెక్క ఉంచుతారు. ఆ లెక్క సున్నా అయినప్పుడే వీడ్కోలు. అయినా తాను పెట్టిన గడియారాలను తానే రద్దుచేసుకొని పోయే బాధ్యత మాడ్యూలుదే.

ఇదంతా ఎక్కడో ఒక మూల జరిగే సూక్ష్మమైన వ్యవహారము అని మీరు అనుకోవచ్చును. 2024 జూలై 19ని గుర్తుచేసుకోండి. ఆ రోజు క్రౌడ్‌స్ట్రైక్ అనే సంస్థ పంపిన ఒక చిన్న దస్త్రము వలన, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారము సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కూలినవి. విమానాలు ఆగినవి, ఆసుపత్రులు ఇబ్బందిపడినవి, మన దేశములో కొందరు విమాన ప్రయాణికులకు చేతితో వ్రాసిన పాసులు ఇచ్చినారు. కారణము ఏమిటి? ఆ సంస్థ రక్షణ సాధనము విండోస్ కెర్నెల్ లోపల నడుస్తుంది. దానికి అందించినవి 20 విలువలు. అది చూడబోయినది 21వ విలువను. తనది కాని చోటును చదివినది. పై పొరలోని ప్రోగ్రాము ఈ తప్పు చేసి ఉంటే అది ఒక్కటే ముగిసిపోయేది. కెర్నెల్ లోపల చేసినందున యంత్రమే పడిపోయినది. ఇక్కడ మెమరీని తిరిగి ఇవ్వడము మరచిపోలేదు. తన హద్దు ఎక్కడ ముగుస్తుందో చూసుకోలేదు. రెండింటికీ మూలము ఒకటే. లోపల గోడలు లేవు.

మాడ్యూలు కెర్నెల్‌కు అతిథి కాదు. గడప దాటిన క్షణాన కుటుంబసభ్యురాలు అవుతుంది. వంటింటిలోనికి, దేవుని గదిలోనికి, డబ్బు పెట్టెలోనికి దానికి దారి ఉంటుంది. ఈ నమ్మకాన్ని కాపాడడానికి, సంతకము సరిగా ఉన్న మాడ్యూళ్ళనే అనుమతించే ఏర్పాటు లినక్సులో 2012 డిసెంబరు నాటి 3.7 నుండి ఉన్నది. అనుమానాస్పదమైన మాడ్యూలు ఎక్కితే కెర్నెల్ తన మీద తానే ఒక మచ్చ వేసుకుంటుంది. మాడ్యూలు దిగిపోయినా, యంత్రాన్ని మళ్ళీ ప్రారంభించేవరకు ఆ మచ్చ పోదు. సంతకము చేసినది ఎవరో తెలుస్తుంది. వారు జాగ్రత్తగా వ్రాసినారా అన్నది సంతకము చెప్పదు. అది వ్రాసినవారి నడవడిక మీదనే ఆధారపడి ఉన్నది.

చిరంజీవులారా, చివరగా మీతో ఒక మాట. నన్ను ఈ ఊరిలో తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. “తెలుగు మాధ్యమములో చదివి ఈ పని ఎట్లా చేస్తున్నావు?” అని. ఇంటిలో తెలుగు, వీధిలో మరాఠీ, కార్యాలయములో ఆంగ్లము. ఆంగ్లము నాకు సులభముగా రాలేదు. పై చదువులలో తొలి రెండేండ్లు వెనుక బెంచీలో మాటలు అర్థంకాక కూర్చున్నాను. ఆ కష్టము లేదని మీకు చెబితే అది అసత్యము అవుతుంది. ఆంగ్లము నేర్చుకోండి, శ్రద్ధగా నేర్చుకోండి. కాని అక్కడ నేను విన్న కొత్త మాటలను తగిలించుకోవడానికి నాలో కొన్ని మేకులు ముందే ఉన్నవి. దూరము, వేగము, వరుస, భాగహారము, కారణము, ఫలితము. ఆ మేకులను ఈ గదులలో తెలుగులో కొట్టినారు. అవి ఇంతవరకు ఊడలేదు.

ఈ వ్యాసానికి కూర్చున్నప్పుడు నాకే ఒక అనుమానము ఉండినది, కెర్నెల్‌ను తెలుగులో చెప్పగలనా అని. కొన్ని పేర్లను పేర్లుగానే ఉంచినాను. జకార్డు మాటను మనవారు ఉంచుకున్నట్లే. మిగిలినదంతా పడుగు, పేక, గడప, మజిలీ, పందిరి అనే మన మాటలలోనే నిలిచినది. మన తాతముత్తాతలు తెలంగాణ పల్లెల నుండి ఈ ఊరికి వచ్చి, పరాయి నేలలో చోటు అడిగి తీసుకున్నారు. ఆ చోటులో బీడీలు చుట్టిన తల్లులు, మగ్గాలు నేసిన తండ్రులు కూలి డబ్బులలో నుండి చందా తీసి ఈ బడి నిలిపినారు. తరగతులలో పిల్లల సంఖ్య తగ్గుతున్నదని ఉపాధ్యాయులు బాధతో చెప్పినారు. దానికి నా వద్ద మంత్రము లేదు. నేను చేయగలిగినది చేస్తాను. సెలవులలో వచ్చి, పాత కంప్యూటర్లను విప్పి, పిల్లలకు లోపలి సంగతులు తెలుగులో చెబుతాను. నా తోటివారు కూడా తమ తమ పనులను ఇట్లాగే వచ్చి చెప్పాలని ప్రార్థిస్తున్నాను.

నా పేరున ఈ పాఠశాల రిజిస్టరులో ఎడమ గడి నిండి ఉన్నది. కుడి గడి నింపడము ఈరోజు మొదలుపెట్టినాను.